మేము నేస్తాలు కట్టించిన ఏడాది

మా కేంద్రంలో కొత్తగా పనికి చేరేవాళ్ళకి ముందు ట్రైనింగు ఉంటుంది. దిగులు జబ్బు ఎలా మొదలవుతుంది, చెవిలో మాటలు వినపడే పిల్లవాడితో ఎలా మాట్లాడాలి, అన్నీ తెర మీద బొమ్మలు చూపించి చెబుతారు. అవి నాకన్నా ఆ ట్రైనింగు ఇచ్చేవాళ్ళే బాగా చెబుతారు. నేను రాసేది ఆ తెర మీద లేని సంగతి. ఒక ఏడాది మేమంతా కలిసి ఒక మంచి పని చేశాం. మంచిదనే చేశాం. అందులో ఒక పిల్ల పోయింది, ఇంకో పిల్ల పోబోయింది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇంకేది విన్నా వినకపోయినా ఇది వినాలి.

నేను పుట్టింది కొండ కింద, శృంగవరపుకోట వైపు. పెళ్ళయి అరకు వచ్చాను. మా ఆయన సంతలో ఉప్పూ ఎండుచేపలూ అమ్మేవాడు. ఆ కొట్టు దగ్గర కూర్చుని కూర్చుని కొండవాళ్ళ ఒడియా మాట నేర్చుకున్నాను. బడి చదువు అయిదో తరగతిలో ఆగింది. ఆయన పోయాక, ఈడొచ్చిన పిల్లల మనసు జబ్బులు చూసే కేంద్రం ఒకటి పెడితే, ఊడవడానికీ వంటకీ చేరాను. మాట వచ్చును కదా అని కొన్నాళ్ళకి డాక్టరుగారి పక్కన కూర్చోబెట్టారు. తర్వాత ఊళ్ళ మీద తిప్పారు. కాగితం మీద నా ఉద్యోగం పేరు మారుతూ వచ్చింది. పిల్లలకి మాత్రం ఎప్పుడూ పిన్నినే.

పేర్లన్నీ మార్చాను. ఊరి పేరు రాయను.

జీపు మీద కూర్చున్నవాడు

మొదట్లో మాకు పెద్ద డాక్టరుగారు ఉండేవారు. నెలకోసారి విశాఖపట్నం నుంచి వచ్చేవారు. భారీ మనిషి, కోపిష్టి. మందుల విషయంలో దిట్ట. ఆయన చేతిలో బాగుపడిన పిల్లలు ఈ కొండల మీద చాలామంది ఉన్నారు. కానీ ఆయన గదిలో పిల్లలు మాట్లాడేవారు కాదు.

అందుకు కారణం ఆయన ఒక్కరే కాదు. ఇక్కడ పిల్లకో పిల్లవాడికో ఏదైనా అయితే వాళ్ళ తరఫున పెద్దలు మాట్లాడతారు. తల్లి వస్తుంది, తండ్రి వస్తాడు, మేనమామ వస్తాడు, ఒక్కోసారి నాయుడు, అంటే ఊరిపెద్ద, కూడా వస్తాడు. గది నిండిపోతుంది. జబ్బు మనిషి గోడ మూల నిలబడతాడు. సంతలో మేకని కట్టేసి దాని గురించి బేరమాడినట్టే ఉండేది. నిద్ర పోతాడా, తింటాడా, తిడతాడా అని డాక్టరుగారు అడగడం, మేనమామ చెప్పడం, నేను అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడం. అయిపోయేది.

ఒకసారి ఒక కుర్రాడిని తెచ్చారు. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. చెవిలో ఎవరో తిడుతున్నారని చెవుల్లో దూది కుక్కుకుని తిరిగేవాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మేనమామ చెయ్యి పట్టి లాగితే తలుపు చెక్క పట్టుకుని వేలాడాడు. డాక్టరుగారు కాసేపు చూసి, వదిలెయ్యమన్నారు. లేచి బయటికొచ్చి, మరి ఎక్కడ కూర్చుందాం అని వాడినే అడిగారు. వాడు మా జీపు టాపు చూపించాడు. చూపించి, ఎక్కి కూర్చున్నాడు కూడా.

డాక్టరుగారు బూట్లు విప్పి ఒక కాలు టైరు మీద పెట్టారు. రెండో కాలు లేవలేదు. అందరం నవ్వాపుకుంటున్నాం. పైనుంచి వాడే అన్నాడు.

"నువ్వెక్కలేవు గానీ, నానే దిగుతాను. బోనట్టు మీద కూకుందాం."

ఇద్దరూ బోనట్టు మీద కూర్చుని మాట్లాడారు. మేనమామని దూరంగా టీ తాగి రమ్మన్నారు. వాడు ఏళ్ళ తరబడి వచ్చి మందు తీసుకున్నాడు. ఇప్పుడు మిరియాలు కొనే కొట్టులో పని చేస్తున్నాడు. ఆ రోజు నుంచి డాక్టరుగారు మొదట అడిగేది ఎక్కడ కూర్చుందాం, ఎవరుంటే నీకు బాగుంటుంది అని. కోపం తగ్గలేదు, కానీ ఈ మాట మాత్రం మానలేదు. నా ఉద్దేశంలో మా పని అసలు ఆ బోనట్టు మీదే మొదలైంది.

కళ్ళం

తర్వాత సుజాత మేడమ్ వచ్చింది. కాకినాడ వైపు మనిషి. ముప్పై దాటలేదు. మందులు రాయదు, మాటలతో వైద్యం చేసే చదువు చదివింది. వచ్చిన కొత్తలో పిల్లలని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, ఎదురుగా కుర్చీ వేసి, చెప్పు తల్లీ అనేది. ఆ తల్లి ఏమీ చెప్పేది కాదు.

కేంద్రం వెనకాల కాఫీ గింజలు ఆరబెట్టే కళ్ళం ఉంది, పక్కింటి రైతుది. ఒకనాడు గింజలు తిరగెయ్యడానికి ఆయన కూలీ రాలేదు. నేనూ, గదిలో కూర్చోలేక బయటికొచ్చిన ఇద్దరు పిల్లలూ దిగాం. మేడమ్ కూడా చీర ఎగదోపుకుని దిగింది. పాదాలతో గింజలు తోసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. అందరూ ఒకే వైపు చూస్తూ నడుస్తారు. ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు. ఆ నడకలో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడటం మొదలుపెట్టారు.

"మేడమ్, నువ్వు నడుత్తంటే గింజలు ఆరవు, నలిగిపోతాయి," అన్నాడు చలపతి. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న కుర్రాడు. నోటికి అదుపు లేదు, మనసు మెత్తన.

ఆ శనివారం నుంచి కళ్ళమే మా గది. ఏం మాట్లాడుకోవాలో పిల్లలే అనుకునేవారు. టౌను కాలేజీలో ఏజెన్సీ వాళ్ళని పక్కన కూర్చోనివ్వని సంగతి, ఫోనులో ఫొటో పెట్టి బెదిరించిన వాడి సంగతి, తాగి వచ్చే తండ్రి సంగతి, ఇష్టం లేని పెళ్ళి సంగతి. మేడమ్ మధ్యలో ఒకటో రెండో మాటలు అనేది. మందు కావలసినవాళ్ళని డాక్టరుగారి దగ్గరికి పంపేది. ఎక్కువసేపు వినేది. మంచి మనిషి. ఒక్కటే లోటు, తొందర. మంచి ఎక్కడ కనపడినా దాన్ని వెంటనే పనిలో పెట్టెయ్యాలి అనుకునేది.

నిజంగానేనా

ఊళ్ళు చాలా, మేడమ్ ఒక్కతే. వానాకాలం వస్తే సగం ఊళ్ళకి జీపు ఎక్కదు. పిల్లలు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటే బాగుంటుందని ఆమె ఆలోచన. ఆ రోజుల్లోనే పై ఊరిలో ఒక నేస్తం విందుకి మమ్మల్ని పిలిచారు.

నేస్తం అంటే ఇక్కడ ఊరికే స్నేహం కాదు. ఇద్దరు ఆడపిల్లలో, ఇద్దరు మగపిల్లలో, నలుగురి ముందు కట్టుకునేది. ఒకరి దోసిట్లో ఒకరు బియ్యం పోసుకుంటారు. ఒకరికొకరు కొత్త గుడ్డ ఇచ్చుకుంటారు. ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టుకుంటారు. ఆ తర్వాత చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకరు, నేస్తం అనే పిలుచుకుంటారు. ఒకరి తల్లి రెండోవాళ్ళకీ తల్లే. కింది నుంచి వచ్చినవాళ్ళతో కూడా కడతారు. మా ఆయనకీ ఒక కొండ నేస్తం ఉండేవాడు. ఏటా పసుపు తెచ్చి ఇచ్చేవాడు, మేము ఉప్పు ఇచ్చేవాళ్ళం. నేను చూసిన నేస్తం అంతవరకే. ఇచ్చిపుచ్చుకోవడం, విందు, నవ్వులు.

మేడమ్ ఆ విందు చూసి కరిగిపోయింది. తిరిగొస్తూ జీపులో అదే మాట. ఇంత మంచి ఆచారం ఇక్కడే ఉండగా మనం కొత్తగా కనిపెట్టేదేముంది అంది. పెద్ద డాక్టరుగారికి చెబితే ఆయనా బాగుందన్నారు. దిగులుగా ఉన్న ప్రతి పిల్లకీ ధైర్యంగా ఉన్న ఒక పిల్లని జత చెయ్యాలి, ఇద్దరికీ నేస్తం కట్టించాలి. ఎవరికి ఎవరన్నది మేడమే అనుకుంది.

వలిసెపూలు విరగబూసిన కాలం. కొండ వాలంతా పచ్చగా పసుపు ఆరబోసినట్టు ఉంది. కళ్ళంలో గింజలు ఒక పక్కకి ఊడ్చి పిల్లలని జతలుగా నిలబెట్టాం. ఊళ్ళ నుంచి ముసలమ్మలు కూడా చూడటానికి వచ్చారు. నేను అడ్డాకుల విస్తళ్ళలో బియ్యం పోసి అందించాను. మేడమ్ టవళ్ళు కొనితెచ్చింది. బియ్యం పోసుకోబోతుండగా చలపతి చెయ్యి ఆపి అడిగాడు.

"మేడమ్, ఇది నిజంగానేనా? నేపోతే మన గ్రూపు ఆటల్లాగ ఆటకా?"

మేడమ్ నవ్వి, "నిజంగానే నాన్నా," అంది.

వాడు తల ఊపి బియ్యం పోశాడు. మిగతా పిల్లలు కూడా ఆ మాట విన్నాకే పోశారు. నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపారు. అది మాకు ముచ్చటగా కనిపించింది. వాడు ఎందుకు అడిగాడో మేం వాడిని అడగలేదు. ఆ నేస్తాలన్నీ కట్టేముందు, ఇది కడితే మీకు ఏమవుతుంది అని ఏ ఒక్క పిల్లనీ అడగలేదు.

రస్మో, పార్వతి

మేడమ్ కట్టించిన జతల్లో ఒకటి రస్మో, పార్వతి. ఇద్దరిదీ ఒకే ఊరు.

రస్మో నర్సు చదువుకని టౌనుకి వెళ్ళి మధ్యలో వచ్చేసిన పిల్ల. ఎందుకు వచ్చేసిందో ఇంట్లో చెప్పలేదు. తినేది కాదు, తల దువ్వుకునేది కాదు, పగలంతా గోడ వైపు తిరిగి పడుకునేది. తల్లి గురుబారికి ఆ పిల్ల ఒక్కతే. ఆమె మొదట ఊళ్ళో మంత్రం వేసే వెజ్జు దగ్గరికి తీసుకెళ్ళింది, కోడిని ఇచ్చింది. తర్వాత పార్వతీపురం దగ్గర ఎవరో తాయెత్తు కడతారంటే అక్కడికి తీసుకెళ్ళింది. చివరికి మా దగ్గరికి తెచ్చింది. జీపులు పట్టుకుని, జీపు లేకపోతే నడిచి, ఎక్కడ ఎవరు ఏం చెబితే అక్కడికి. ఎప్పుడు చూసినా ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని ఉండేది, రెండో చేతిలో చోడంబలి సీసా. తల్లిని తప్పు పట్టడం మా పనిలో తేలిక. ఈ తల్లిని నేను పట్టలేను.

పార్వతి పదితో చదువు మానేసి కాఫీ తోటల్లో గింజలు ఏరేది. గట్టి పిల్ల. ఏదీ ఊరికే చెయ్యదు. నేస్తం కట్టాక రస్మోని రోజూ తోటకి తీసుకెళ్ళేది, తల దువ్వేది. శనివారం కళ్ళానికి చెయ్యి పట్టుకుని తెచ్చేది. డాక్టరుగారు ఇచ్చిన మాత్ర దగ్గరుండి వేయించేది. ఎండాకాలం వచ్చేసరికి రస్మో తింటోంది. ఒకసారి నన్నే ఆటపట్టించింది.

"పిన్నీ, నీ ఒడియా ఇంటంటే మా ముసలాలు కూడా నవ్వుతారు, తెల్సా?"

గురుబారి ఆ రోజు నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. మేడమ్ ఈ జత సంగతి అందరికీ చెప్పుకుంది. మేమూ పొంగిపోయాం.

వానలు మొదలయ్యాక రస్మో మళ్ళీ కిందికి జారింది. ఊరి దారి తెగిపోయి వాళ్ళిద్దరూ రావడం తగ్గింది. మేడమ్ ఫోను చేసి, మీ నేస్తం ఎలా ఉంది అని పార్వతిని అడిగేది. సిగ్నలు కోసం దిబ్బ ఎక్కి మరీ మాట్లాడేది ఆ పిల్ల. బాగుంది మేడమ్ అనేది. నేను దారి కాస్త ఆరాక ఒకసారి వెళ్ళాను. పార్వతి రాత్రిళ్ళు రస్మో ఇంట్లోనే పడుకుంటోందని, ఏటికి నీళ్ళకి వెళ్ళినా వెంట వెళుతోందని చూశాను. ఇంత కలిసిపోయారు అనుకుని సంతోషపడి వచ్చాను. ఆ పిల్ల కళ్ళ కింద నలుపు కూడా చూశాను. తోట పని ఎక్కువైందేమో అనుకున్నాను.

తర్వాత తెలిసింది. తనకి బతకాలని లేదని రస్మో పార్వతికి చెప్పింది. నేస్తం మీద ఒట్టు పెట్టించుకుని చెప్పింది. నేస్తానికి చెప్పిన మాట మూడో చెవికి పోకూడదు. తల్లికైనా సరే, డాక్టరుకైనా సరే. అది వాళ్ళ కట్టు. మేం నిజంగానే అన్నాం, వాళ్ళు నిజంగానే కట్టుకున్నారు. పార్వతి ఎవరికీ చెప్పకుండా, తన చేతనైనదంతా చేసింది. ఆ వానాకాలమంతా కంటి మీద కునుకు లేకుండా నేస్తాన్ని కాపలా కాసింది. తన ఈడు పిల్ల ప్రాణాన్ని ఒక్కతే మోసింది.

మలేరియా జ్వరం వచ్చి పార్వతి తన ఇంట్లో పడిపోయింది. లేవలేకపోయింది. పార్వతి ఆ జ్వరంలో ఉండగానే రస్మో ప్రాణం తీసుకుంది.

అందరం అడిగిన ఒకే మాట

అప్పటిదాకా బాగుంది, బాగుంది అన్న పిల్లకి అన్నీ తెలుసని ఊరికి తెలిసిపోయింది. జ్వరంలో పలవరించిందని పార్వతి తల్లే చెప్పింది. గురుబారి పార్వతి ఇంటి ముందుకొచ్చి నిలబడి ఒకే మాట అడిగిందట, ఏటి సెప్పింది నీకు అని. పార్వతి తల దించుకుంది, చెప్పలేదు. గురుబారి మట్టి తీసి ఆ గుమ్మంలోకి విసిరి వెళ్ళిపోయింది. కర్మ నాడు రస్మోని పాతిన చోటికి పార్వతిని రానివ్వలేదు. ఇద్దరు మనుషులని దారిలో కాపలా పెట్టింది.

ఆ తర్వాత పార్వతి మాట్లాడటం మానేసింది. పశువుల పాక పక్కన కూర్చునేది. రస్మో ఇచ్చిన టవలు మెడ చుట్టూ ఉండేది, ఎవరు తియ్యబోయినా తియ్యనిచ్చేది కాదు. మేడమ్ వెళ్ళింది, నేను వెళ్ళాను, పెద్ద డాక్టరుగారు కూడా కర్ర పట్టుకుని ఆ ఎక్కుడు ఎక్కారు. ఎవరు వెళ్ళినా చుట్టూ తిరిగి చివరికి అడిగేది ఒక్కటే, రస్మో నీకేం చెప్పింది. లోపల ఉన్నది బయటికొస్తే బరువు తగ్గుతుందని మా ఉద్దేశం. మా చదువులో అది నిజమే. ఆ పిల్ల దగ్గర మాత్రం అది పుండు మీద వేలు పెట్టడమే అయింది. మందు రాశారు. వేసుకునేది కాదు.

కళ్ళంలో శనివారాలు ఆగిపోయాయి. మేడమ్ ఉద్యోగం మానేస్తానంది. పై వాళ్ళు కార్యక్రమం మూసెయ్యమన్నారు. అప్పుడు పిల్లలే వచ్చారు. పిలవకుండా, అందరూ కలిసి, కేంద్రం మెట్ల మీద కూర్చున్నారు. చలపతి మాట్లాడాడు. వాడిలో ఎప్పటి వేళాకోళం లేదు.

"అందరూ పార్వతిని ఏటి సెప్పింది, ఏటి సెప్పింది అని సంపేత్తన్నారు. అది ఎలాగ సెప్తాది? నేస్తం ఇడిపించనేదు గదా."

విడిపించడం ఏమిట్రా అని అడిగాను.

"ఒకలు పోతే, రెండోవోలు ఆ గుడ్డ అట్టుకెళ్ళి పాతినకాడ ఇచ్చీయాల. పోయినోల అమ్మొచ్చి ఈల సేతుల మీద నీళ్ళొయ్యాల. అప్పుడు గానీ నోరు ఇప్పకూడదు. ఆయమ్మ నీళ్ళు పొయ్యదు, ఇది నోరు ఇప్పదు. నాను ఆ రోజే అడిగేను గదా మేడమ్, నిజంగానేనా అని."

మేడమ్ మెట్టు మీదే కూలబడి ఏడ్చింది. పిల్లలు ఆమెని ఓదార్చలేదు, తిట్టలేదు. ఆగారు. కొంతసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, ఇప్పుడు ఏం చెయ్యాలో మీరే చెప్పండి అంది. ఆ మాట ఆమె అడగాల్సింది వలిసెపూల కాలంలో. ఆలస్యమైనా అడిగింది. అందుకే ఆమె మీద నాకు గౌరవం పోలేదు.

వాళ్ళు చెప్పారు. నేస్తాలు మాకు కొత్తగా కట్టించొద్దు, కట్టుకుంటే మేమే కట్టుకుంటాం. గ్రూపులో ఇద్దరు కాదు, ముగ్గురు ఉండాలి, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఉంటారు. ప్రాణం మీదకొచ్చిన మాట దాచే మాట కాదని మొదటి రోజే అందరి ముందు అనుకోవాలి, ఆ మాట విన్నవాళ్ళు ఆ రోజే పెద్దవాళ్ళలో ఒకరికి చెప్పాలి, ఆ పెద్ద ఎవరో పిల్లలే ఎంచుకోవాలి. ఇప్పుడు తెర మీద చూపించే నియమాలు ఇవే. ఎక్కడి నుంచో వచ్చినవి కావు, ఆ మెట్ల మీద పుట్టినవి. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది తెలుసుకుని చదవండి. పిల్ల మీతో, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి అంటే వెయ్యకండి. ముందే చెప్పండి, నీ ప్రాణానికి సంబంధించిందైతే నేను ఒక్కదాన్నే దాచుకోను అని. పిల్ల కోపగించుకుంటే కోపగించుకోనీండి.

గురుబారి

అయితే నియమాలు పార్వతిని లేపలేదు. ఆ పిల్ల నీళ్ళు కూడా సరిగా తాగడం లేదు. ముడి విప్పగలిగేది ఒక్క గురుబారే. ఆమె దగ్గరికి నన్ను పంపారు.

నేను చాలాసార్లు వెళ్ళాను. మొదట నా మొహం చూడలేదు. పసుపు ఉడకబెడుతుంటే నేనూ కూర్చుని కొమ్ములు రుద్దాను. రాజ్మా కాయలు వలుస్తుంటే వలిచాను. ఈ పనిలో చేతులకి పని ఉండటం మంచిది, మాట దాని పక్కన వచ్చి కూర్చుంటుంది. ఒకనాడు, పార్వతి నీ గుంట రస్మో కోసం వానాకాలమంతా ఎంత చేసిందో తెలుసా అన్నాను. వాదించకూడదని తెలిసీ అన్నాను.

"నాకు తెల్దేటి?" అంది గురుబారి, కాయ వలుస్తూనే. "నా ఇంట్లోనే పడుకున్నాది. దుప్పటి నానే కప్పేను. ఆడుకుంటన్నారనుకున్నాను. అది కాపలా కాత్తన్నాదని నాకు సెప్పుంటే, నాను పడుకుందునేటి? ఇద్దరం కాసుకుందుము. అది నాకు కాపలా కూడా నేకుండా సేసింది."

ఆ పిల్ల తప్పు చెయ్యలేదు, ఈ తల్లి అన్నదీ తప్పు కాదు. కాయలు అయిపోయేదాకా ఇద్దరం వలిచాం.

చలి ముదిరేసరికి పార్వతి లేచి నిలబడలేకపోయింది. డాక్టరుగారు ఇంక ఆగడానికి లేదు, విశాఖపట్నం పెద్దాస్పత్రికి తెచ్చెయ్యమన్నారు. పొద్దున్నే నేనూ మేడమూ జీపు తెచ్చాం. చలపతీ ఇంకో ఇద్దరు పిల్లలూ ఆమెని చేతుల మీద మోసుకొచ్చి వెనక సీటులో పడుకోబెట్టారు. ఊరు దాటాలంటే గురుబారి ఇంటి ముందు నుంచే దారి. మంచు వల్ల జీపు మెల్లగా వెళుతోంది. గురుబారి గుమ్మంలో చీపురు పట్టుకుని ఉంది. లోపలికి తొంగి చూసింది. పార్వతి మొహం ఇటు తిరిగి ఉంది.

గురుబారి చీపురు వదిలేసి జీపు ముందుకొచ్చి నిలబడింది. డ్రైవరు బ్రేకు వేశాడు. తిట్టడానికి వచ్చిందనుకున్నాం. ఆమె తలుపు తీసి, పిల్ల గడ్డం పట్టుకుని మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ మొకం నాకు ఎరికే," అంది నాతో. "మా గుంటది ఇలాగే ఉండీది. దింపండి."

ఆస్పత్రికి ఆలస్యమవుతుందని మేడమ్ అనబోతే చలపతి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. గురుబారి లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. పాతిన చోటు ఊరి చివర సిల్వర్ ఓకు చెట్ల కింద, దగ్గరే. పిల్లలు పార్వతిని మోసుకెళ్ళారు. మెడలో టవలు గురుబారే తీసింది. పార్వతి తియ్యనిచ్చింది. ఆ టవలు మట్టి మీద పరిచి, పార్వతి చేతులు దాని మీద పెట్టించి, గురుబారి చెంబు వంచింది. నీళ్ళు ఆ చేతుల మీద నుంచి మట్టిలోకి ఇంకాయి. తర్వాత గురుబారి చెంబు అక్కడే బోర్లించి, వచ్చి జీపెక్కింది. చెప్పులు కూడా వేసుకోలేదు. పార్వతి తల ఒళ్ళో పెట్టుకుంది. నేను ఎదుటి సీటులో కూర్చున్నాను.

ఆస్పత్రి సంగతి ముందు చెప్పేస్తాను. పార్వతి అక్కడ చాలా రోజులు ఉంది. గురుబారే దగ్గరుంది. మందు పట్టింది, మాట పట్టింది, మెల్లగా లేచింది. మళ్ళీ తోటకి వెళుతోంది. బాగున్న రోజులు ఉన్నాయి, బాగులేని రోజులూ ఉన్నాయి, బాగులేని రోజు తనే కేంద్రానికి వచ్చి చెబుతుంది. ఎక్కడ కూర్చోవాలో తనే చూసుకుంటుంది.

ఆ జీపులో జరిగింది నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరినీ అడిగి, రాసుకో పిన్నీ అంటే రాస్తున్నాను.

ఘాటు రోడ్డు మొదటి మలుపు దగ్గర గురుబారి అడిగింది. ఈసారి కోపంగా అడగలేదు, పిల్ల జుట్టులో చిక్కు తీస్తూ అడిగింది.

"ఏటి సెప్పిందే నీకు?"

పార్వతి గొంతు చాలా రోజుల తర్వాత పెగలడం కదా, మొదట గాలి మాత్రమే వచ్చింది. తర్వాత చెప్పింది.

"అమ్మకి సెప్పొద్దంది. అమ్మ నన్నట్టుకొని తిరిగి తిరిగి అలిసిపోయినాది, ఇంక పాపం పడుకోనీ అంది."

గురుబారి చెయ్యి ఆ జుట్టులో ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగింది. బయట మంచు తప్ప ఏమీ లేదు. ఆ మంచుతోనే చెప్పడం మొదలుపెట్టింది, కూతురు అవతల నిలబడి వింటున్నట్టు, మెల్లగా, సర్దిచెబుతున్నట్టు.

"నానలిసిపోనేదే. ఎవలు సెప్పేరే నీకు? నానలిసిపోనేదు."

ఘాటు దిగేదాకా అదే మాట అంటూనే ఉంది.